సరిహద్దు ఊళ్లో నా కడుపునొప్పి

మా విత్తనాల గది తలుపు పక్కన మేకుకు ఒక కుర్పి వేలాడుతూ ఉంటుంది. కలుపు తీసే పనిముట్టు, మెడ వంగి, మొన కొంగ ముక్కులా సన్నగా ఉంటుంది. ఇప్పుడు ఆ గదిలో పనిచేస్తున్న ఆడపిల్లలు మీరంతా, ఇది ఏ సంతలో కొన్నావని నన్ను చాలాసార్లు అడిగారు. సంతలో కొనలేదు. కొరియా దేశంలో ఒక అవ్వ ఇచ్చింది. అడిగినప్పుడల్లా సగం చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు ఆ గది తాళంచెవి మీ చేతికి వచ్చింది, నాకు తీరిక దొరికింది. అందుకని మొత్తం రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది, దాన్ని కూడా దాచను.

మాది భోపాల్‌పట్నం దగ్గర పల్లె. ఇంద్రావతి అవతల ఒక రాష్ట్రం, గోదావరి అవతల ఇంకో రాష్ట్రం. తెలుగు మాట్లాడే ఇళ్లు, దొర్లి మాట్లాడే ఇళ్లు కలిసే ఉంటాయి. మా మహిళా సంఘం నడిపే విత్తనాల గదిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఎర్ర వడ్లు, నల్ల వడ్లు, వాసన వడ్లు, వాన తక్కువైనా పండేవి, నీళ్లలో మునిగినా బతికేవి, అన్నీ వేరువేరు కుండల్లో వేసి, వేపాకు కలిపి, ఎండకు పెట్టి, ఎలుక తినకుండా కాపాడాలి. ఎండాకాలం చివర విత్తనాల పండుగ రోజున ఇంటింటి గంపలో మొదటి దోసెడు నా చేత్తో వేయాలి. అదీ నా ఉద్యోగం.

ఆ చేతికి ఒక నియమం ఉంది. ఊళ్లో కొత్తలు చేసేదాకా, అంటే కొత్త పంటను నేలకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి ఊరంతా కలిసి తినేదాకా, విత్తనాలిచ్చే మనిషి కొత్త బియ్యం నోట పెట్టకూడదు. మిగతావాళ్లు పొరపాటున తింటే ఏదో ఒక జరిమానా వేసి వదిలేస్తారు. విత్తనాలిచ్చే మనిషి తింటే మాత్రం ఆమె ముందు ఎవరూ గంప పట్టరు. నాకు ముందున్నామె వేరే ఊళ్లో పెళ్లికి పోయి, చూసుకోకుండా తిని, అట్లాగే ఆ పని పోగొట్టుకుంది. తాళంచెవి నాకు వచ్చింది అందువల్లే.

తాళంచెవి వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. కుండల మీద బొగ్గుతో బొమ్మలు గీసుకునేదాన్ని. ఒక వానాకాలం పైకప్పు కారి బొమ్మలన్నీ చెరిగిపోయాయి. ఏ కుండలో ఏముందో తెలియక వారం రోజులు గింజలు కొరికి, వాసన చూసి గుర్తుపట్టాను. ఆ తరువాత మా కోడలి దగ్గర కూర్చుని యాభై దాటిన వయసులో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఆమెది గోదావరి అవతలి ఊరు. హిందీ సంతకం బ్లాకు ఆఫీసులో నేర్పారు. ఆ సంతకంతోనే పాస్‌పోర్టు వచ్చింది.

పాస్‌పోర్టు ఎందుకంటే, కొరియాలో ఉత్తరపు సరిహద్దును ఆనుకున్న చొర్వొన్ అనే జిల్లాలో రైతు ఆడవాళ్ల సంఘం ఒకటి ఉంది. అక్కడి బియ్యానికి ఆ దేశమంతా పేరట. వాళ్లు ఎట్లా పండిస్తారో, ఎట్లా దాస్తారో చూడటానికి మా వైపు నుంచి ముగ్గురం వెళ్లాం. ఒకరు బ్లాకు ఆఫీసు మేడమ్. ఇంకొకరు సుక్మా వైపు చింతపండు పని చేసే మనిషి, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. నేను ఆమెను చెల్లె అనేదాన్ని. మూడో మనిషిని నేను. ప్రయాణం కొత్తల తరువాతే అనుకున్నాం. ఆ ఏడు మా దగ్గర వానలు ఆలస్యమై పంట ఆలస్యమైంది. ప్రయాణం మాత్రం ముందుకు జరిగింది.

బయలుదేరే ముందు మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

“దీదీ, అక్కడ ఏది పెట్టినా వద్దనొద్దు. వద్దంటే వాళ్ల మనసు నొచ్చుకుంటది. ఒంట్లో బాగాలేకుంటే మాత్రం చెప్పండి, అది ఎవరైనా అర్థం చేసుకుంటరు.”

ఆ చివరి మాట నేను గట్టిగా పట్టుకున్నాను. నా పతనమంతా అక్కడ మొదలైంది.

మేము దిగిన ఊరు చుట్టూ కొండలు, మధ్యలో బల్లలా చదునుగా వరి చేలు. చేలన్నీ పసుపు రంగుకు తిరిగాయి, కొన్ని కోసేశారు. కారు దిగగానే చెల్లె గాలి పీల్చి, “అక్కా, మన ఊరి వాసనే,” అంది. నిజమే, కోసిన వరి వాసన ఎక్కడైనా ఒకటే.

సంఘం వాళ్ల పెద్ద గదిలో భోజనం పెట్టారు. ఇరవై మంది ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. ముందు చిన్న చిన్న గిన్నెల్లో ఆకుకూరలు, ఊరగాయలు, చేపలు. మధ్యలో తెల్లగా మెరుస్తూ, పొగలు కక్కుతూ అన్నం. మాకు ఇచ్చిన దుబాసీ ఒక కొరియా అమ్మాయి, కాలేజీలో హిందీ చదువుకుంది. ఆమె హిందీ రేడియోలో వార్తలు చదివినట్టు ఉండేది. మా మేడమే ఒక్కోసారి అర్థం కాక తడబడేది. ఆ అమ్మాయి నన్ను మాతాజీ అని పిలిచేది.

“మాతాజీ, ఇది ఈ ఏటి మొదటి కోత. మీ కోసమే నిన్న మర పట్టించారు,” అని చెప్పింది.

చెల్లె నా చెవిలో గొణిగింది. “అక్కా, కొత్త బియ్యమట.”

“విన్న.”

“మీ ఊళ్ల కొత్తలు అయినయా?”

“కాలే.”

“మాయి అయిపోయినయి,” అని గిన్నె దగ్గరికి లాక్కుంది.

ఇరవై మంది చెంచాలు ఆపి నా వంక చూస్తున్నారు. నియమం సంగతి చెబితే మేడమ్ ఏమనుకుంటుందో అని సిగ్గుపడ్డాను. పరాయి దేశానికి వచ్చి ఇదేం మొండితనం అంటుందేమో. పొట్ట మీద చేయి వేసుకుని, “కడుపు నొస్తుంది,” అన్నాను.

అబద్ధం ఒకసారి ఆడితే చాలనుకున్నాను. ఆ ఊరి ఆడవాళ్లు ఎంత మంచివాళ్లో నాకు అప్పటికి తెలియదు. అరగంటలో నా ముందు జావ పెట్టారు. కొత్త బియ్యం జావ. కడుపునొప్పికి అంతకన్నా మంచి మందు లేదట. అది కూడా పోదంటే, మాడిన అన్నంలో నీళ్లు పోసి కాచి తెచ్చారు. అదీ కొత్త బియ్యమే. మర్నాడు పొద్దున మెత్తని పిండి ముద్దలు, తీపి పానకం. అడిగితే రెండూ బియ్యమే అన్నారు. ఆ ఊళ్లో బియ్యం కాని వస్తువు దొరకడం కష్టమని నాకు అర్థమైంది.

నేను ఉడకబెట్టిన ఆలుగడ్డలు, మొక్కజొన్న కంకులు తిని బతికాను. నా వాటా అన్నం చెల్లె తినేది.

“అక్కా, నీ కడుపునొప్పితోని నా పొట్ట పగిలేటట్టుంది,” అనేది. “పోనీ చెప్పేద్దామా?”

“నోరు మూసుకోని తిను,” అనేదాన్ని.

రెండో రోజు ఊరి డాక్టరును పిలిపించారు. ఆయన నా పొట్టను నాలుగు వైపులా నొక్కి, ఏమీ తెలియక మూడు రంగుల మాత్రలు ఇచ్చాడు. అవి నా సంచిలోకి పోయాయి. తరువాత సంఘంలో అందరికన్నా పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నడుము వంగింది, చేతులు మాత్రం నా చేతుల్లాగే ఉన్నాయి, పగిలి, గట్టిపడి. ఆమె నా బొటనవేలికి దారం చుట్టి, సూది వేడి చేసి, గోరు పక్కన గుచ్చింది. చుక్క రక్తం వచ్చింది. నల్లగా వస్తే అజీర్తి, ఎర్రగా వస్తే ఏమీ లేనట్టు అని దుబాసీ చెప్పింది. అందరూ చూడటానికి మీదికి వంగబోయారు. ఎర్రగా ఉంది. అవ్వ ఆ చుక్కను చూసింది, నా ముఖం చూసింది, దూదితో తుడిచేసి, “నల్లగానే ఉంది,” అని వాళ్ల భాషలో చెప్పింది, దుబాసీ దాన్ని హిందీ చేసింది. అందరూ తలలూపారు.

ఆమె ఎందుకట్లా చెప్పిందో నాకు తెలియలేదు. భయం మాత్రం పట్టుకుంది.

ఆ రోజుల్లో ఊరంతా తిప్పి చూపించారు. వాళ్ల నది నల్ల రాళ్ల మధ్య లోతుగా పారుతుంది. రాళ్లు ఎవరో చెక్కి నిలబెట్టిన స్తంభాల్లా ఉన్నాయి. ఒక చోట నది వెడల్పంతా అడ్డంగా దుమికే జలపాతం ఉంది. వెడల్పు బాగానే ఉంది, ఎత్తు మా ఇంటి గోడంత. దుబాసీ గర్వంగా, “దీన్ని మా దేశపు నయాగరా అంటారు,” అంది.

మేడమ్ మర్యాదగా, “మాకూ ఒక నయాగరా ఉంది, చిత్రకోట,” అని ఫోనులో ఫొటో చూపించింది. దుబాసీ ఫొటో వంక చూసి, జలపాతం వంక చూసి, మళ్లీ ఫొటో వంక చూసింది.

చెల్లె నెమ్మదిగా, “పిల్ల నయాగరా అనుకో బిడ్డా, ఇంకా పెరుగుతది,” అంది. దాన్ని హిందీలోకి మార్చడానికి మేడమ్ ఒప్పుకోలేదు. కానీ నీళ్లు పడే చప్పుడు దగ్గర నిలబడితే ఎత్తు గుర్తుకు రాదు. తుంపర ముఖం మీద పడుతుంటే ముగ్గురం చాలాసేపు కదలలేదు.

పాత యుద్ధంలో గోడలు మాత్రమే మిగిలిన మూడంతస్తుల కట్టడం చూపించారు. గోడల నిండా గుండు దెబ్బల గుంటలు. వాటిని మా వైపు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. మా అడవుల్లోనూ తుపాకులు పేలుతూనే ఉండేవి. ఒక పాత స్టేషనులో తుప్పుపట్టి విరిగిన రైలు పెట్టె ఉంది. అక్కడి నుంచి ఉత్తరానికి పోవలసిన రైలట, పట్టాలు తెగి అక్కడే ఉండిపోయింది. మా భోపాల్‌పట్నానికి రైలే రాలేదు, వాళ్లకు వచ్చిన రైలు పోలేకపోయింది. చెల్లె ఆ తుప్పు ఇనుము మీద చేయి వేసి, పశువును నిమిరినట్టు నిమిరింది.

మూడో రోజు సాయంత్రం వంటగదిలో ఆలుగడ్డలు ఒలవడానికి కూర్చున్నాను. నా తిండి నేను ఒలుచుకోవడం న్యాయం కదా. అవ్వ కూడా అక్కడే కూర్చుని తన గిన్నెలో తింటోంది. చూస్తే అది బార్లీ గింజల అన్నం, కొంచెం కూర. బయట గదిలో అందరూ తెల్లని కొత్త అన్నం తింటుంటే ఈ ముసలామె లోపల బార్లీ ఎందుకు తింటోంది. ముందు రోజు కూడా ఆమె గిన్నెలో ఆలుగడ్డే చూశాను. నా చేతిలో కత్తి ఆగింది. నేను ఆమె గిన్నె వంక చూశాను. ఆమె నా గిన్నె వంక చూసింది.

దుబాసీ పిల్ల లేదు. మాకు ఒక్క మాట కూడా కలవదు. అవ్వ వేలితో అన్నం కుండను చూపించి, తల అడ్డంగా ఊపి, తరువాత ఉత్తరపు కొండల వైపు చూపించింది. నేను అన్నం కుండను చూపించి, తల అడ్డంగా ఊపి, పడమరకు చూపించాను. మా ఊరు ఎటుందో నాకేం తెలుసు, సూర్యుడు దిగే వైపు చూపించాను. అవ్వ అటు చూసింది. తరువాత నా పొట్ట మీద చేత్తో చరిచి, పళ్లు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను. చెల్లె లోపలికి వచ్చి, “కడుపునొప్పి ముదిరిందా ఏంది అక్కా,” అంది.

ఐదో రోజు సరిహద్దు దగ్గర కొండ మీద, అవతలి వైపు చూసేందుకు కట్టిన బురుజుకు తీసుకుపోయారు. అవ్వ కూడా ఒక మూట పట్టుకుని మా బండి ఎక్కింది. దారిలో సైనికులు ఆపి కార్డులు చూశారు. అక్కడి రైతులు తమ చేలకు పోవాలన్నా కార్డు చూపించి పోవాలి, పొద్దు గూకకముందే తిరిగి రావాలి. చెల్లె చకచకా కార్డు తీసి చూపించింది. “మీకు భయం వేయలేదా?” అని దుబాసీ అడిగితే, “మాకు అలవాటే బిడ్డా,” అంది.

కొండ మీద నుంచి చూస్తే కంచె, కంచె అవతల ఎవరూ దున్నని పచ్చని బయలు, దాని అవతల పొగమంచులో కొండలు. మనుషులు తిరగరు గనక చలికాలంలో అక్కడికి పెద్ద కొంగలు వేలకు వేలు వస్తాయట. మేడమ్, చెల్లె దుర్బిణి దగ్గర వరుసలో నిలబడ్డారు. అవ్వ దుర్బిణి వైపే పోలేదు. ఒక పక్కకు నడిచి, చాప పరిచి, మూట విప్పింది. కొత్త అన్నం, ఎండుచేప, రెండు పండ్లు, చిన్న సీసాలో బియ్యపు కల్లు. వాటిని ఉత్తరానికి ఎదురుగా పెట్టింది.

దుబాసీ నాతో మెల్లగా చెప్పింది. “ఆమె పుట్టిన ఊరు ఆ కొండల వెనక ఉంది, మాతాజీ. చిన్నపిల్లగా అమ్మ చేయి పట్టుకుని ఇటు వచ్చింది. తండ్రి అక్కడే ఉండిపోయాడు. ఆమె మళ్లీ అటు పోలేదు. కోత పండుగ రోజు ఇక్కడ జనం ఎక్కువని, ఏటా నాలుగు రోజులు ముందే వచ్చి పెట్టుకుంటుంది. పెట్టేదాకా కొత్త అన్నం తినదు.”

అవ్వ ఆ వంగిన నడుముతో మోకాళ్లూని, నుదురు చాపకు ఆనించి రెండుసార్లు మొక్కింది. తరువాత లేచి, ఒక చెంచాడు అన్నం తీసుకుని నా దగ్గరికి వచ్చి, చెంచా నా ముందు పట్టుకుని నిలబడింది.

పిల్లలారా, నా ఉద్యోగంలో నేను ఒంటరిగా నిర్ణయించుకోవలసి వచ్చిన రోజు అదొక్కటే. కొత్తలు చేయించే మా ఊరి పూజారికి ఫోను లేదు. ఉన్నా ఆ కొండ మీద నా ఫోను పనిచేయదు. తింటే తాళంచెవి పోవచ్చు. తినకపోతే ఆ ముసలామె తండ్రికి పెట్టిన ముద్దను నేను కాదన్నట్టు. మా నియమం ఏమిటని నన్ను నేను అడిగాను. నేల తినాలి, పెద్దలు తినాలి, తరువాత మనం. ఈ నేల ఇప్పుడే తింది, ఈ పెద్దలు ఇప్పుడే తిన్నారు, నా కళ్ల ముందే.

వాళ్లకు చూపించడానికి తెచ్చిన ఆకు దొప్ప ఒకటి సంచిలో ఉంది. దాన్ని తీసి పట్టాను. అవ్వ అన్నం అందులో వేసింది. నాలుగు మెతుకులు నేల మీద వేసి, మా వాళ్లను తలచుకుని, మిగతాది నోట్లో పెట్టుకున్నాను.

ఐదు రోజుల ఆలుగడ్డల తరువాత ఆ అన్నం ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ చాప దగ్గరే కూర్చుని అవ్వా నేనూ మూటలో ఉన్నదంతా తినేశాం, కల్లుతో సహా. దుర్బిణి దగ్గర నుంచి తిరిగి చూసిన మేడమ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. “దీదీ కడుపు బాగైంది,” అని అందరికీ చెప్పింది. బండిలో చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం డాక్టరు తన మాత్రలు పనిచేశాయని సంతోషపడి, మాకు ఒక పెట్టె పండ్లు పంపాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వచ్చేటప్పుడు అవ్వ తన కుర్పి ఇచ్చింది. నేను నీళ్ల సొరబుర్ర ఇచ్చాను. విత్తనాలు దేశం దాటించకూడదన్నారు గనక ఇద్దరం ఒక్క గింజ కూడా ఇచ్చిపుచ్చుకోలేదు. విత్తనాలతో బతికే మనుషులకు అది కొంచెం కష్టమే.

ఊళ్లో దిగిన వారానికి కొత్తలు వచ్చాయి. మేడమ్ కూడా చూడటానికి వచ్చింది. అన్నం పంచే ముందు పూజారి ప్రతి ఏటా అడిగే మాట అడిగాడు. “ఎవరన్నా ముందుగాల తిన్నరా?”

నేను లేచి నిలబడ్డాను. చుట్టూ మాటలు ఆగిపోయాయి. కొండ మీద జరిగినదంతా చెప్పాను. ఊరంతా తాతా అని పిలిచే ముసలి పూజారి గడ్డం గోక్కుంటూ విన్నాడు.

“పెట్టినంకనే తిన్నవా, పెట్టకముందా?”

“పెట్టినంకనే.”

“మరి అంతకుముందు ఐదు రోజులు తినకుంట ఎట్ల తప్పించుకున్నవు?”

కడుపునొప్పి సంగతి చెప్పవలసి వచ్చింది. జావ, మాత్రలు, సూది, పండ్ల పెట్టె, అన్నీ. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మేడమ్ నెత్తి పట్టుకుంది. “దీదీ, అన్ని రోజులు నా ప్రాణం తీసినవు గదా. ఒక్క మాట చెప్తే నేనే వాళ్లకు చెప్పకపోదునా?” అంది. చెప్పేదే. నేనే ఆమెను తక్కువ అంచనా వేశాను.

పూజారి తీర్పు చెప్పాడు. “తిన్నది తప్పు కాదు. ఆ నేల పెద్దలు తిన్నంకనే తిన్నది. అన్నం కాడ అబద్ధమాడింది, అది తప్పు. మందిచ్చినోళ్లకు నిజం చెప్పాలె. ఇప్పుడే చెప్పాలె.”

మేడమ్ జీపు మీదికెక్కి సిగ్నలు పట్టి, దుబాసీకి వీడియో ఫోను కలిపింది. ఆ పిల్ల అదృష్టవశాత్తు ఆ ఊళ్లోనే ఉంది. తెర మీద సంఘం ఆడవాళ్లంతా కనిపించారు. నేను దొర్లి, తెలుగు కలిపి చెప్పాను, మేడమ్ హిందీ చేసింది, దుబాసీ వాళ్ల భాష చేసింది. అంత దూరం పోయేసరికి నా అబద్ధం ఎంత మిగిలిందో తెలియదు గానీ, వాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వారు. చివరికి అవ్వ తెర నిండా ముఖం పెట్టి, చాలా గంభీరంగా ఏదో అడిగింది.

దుబాసీ వార్తలు చదివినట్టు చెప్పింది. “మాతాజీ, మీ కడుపు ఇప్పుడు ఎట్లా ఉంది అని అడుగుతోంది.”

ఊరంతా నవ్వింది. పూజారి నవ్వు ఆపుకుని, ఇంతసేపూ అడగాలనుకున్నది అప్పుడు అడిగాడు. “అది సరే గానీ, ఆ బియ్యం ఎట్లుంది?”

“మెతుకుకు మెతుకు అంటుకుంటది తాతా. కూర లేకున్నా పోతది.”

తీర్పు ఒక సంగతి, గంప పట్టడం ఇంకో సంగతి. ఆ చలికాలమంతా నాకు లోపల గుబులుగానే ఉంది. ఎండాకాలం చివర విత్తనాల పండుగ రోజున కుండలన్నీ వరుసగా పెట్టి, పేర్లు ఇంకోసారి చదువుకుని, తలుపు దగ్గర నిలబడ్డాను. మొదట వచ్చింది ఎవరో తెలుసా. నాకు ముందు తాళంచెవి పోగొట్టుకున్నామె. గంప నా ముందు పట్టి, ముఖం ఏమాత్రం కదలకుండా, “అక్కా, కడుపు నిమ్మళమేనా?” అని అడిగింది.

“నిమ్మళమే,” అని దోసెడు వేశాను. ఆమె వెనక వరుస బోరింగు దాకా ఉంది. ఆ రోజు గంప పట్టిన ప్రతి ఒక్కరూ అదే మాట అడిగారు.